పండుగనాడు కారిన తొట్టి

మోమిర్ పాతికేళ్లుగా వంటింటి అరలు చేస్తున్నాడు. పాంచెవోలో సగం వంటిళ్లు తన చేతిమీదుగా వెళ్లినవేనని చెప్పుకుంటాడు. సగం అన్నది అతని లెక్క, ఊళ్లోవాళ్ల లెక్క అందులో నాలుగో వంతుకు మించదు. చెక్క సంగతి అతనికి బాగా తెలుసు, దానిమీద ఎవరికీ పేచీ లేదు. నీళ్ల సంగతి తెలియదు. తెలియదన్న సంగతి అంతకంటే తెలియదు.

కిందటేడు డిసెంబరులో, సెయింట్ నికోలా రోజున మొదలైంది ఇదంతా. నికోలా వాళ్ల ఇంటి దేవుడు. ఆ పండుగకి ఎవరినీ పిలవరు, వచ్చినవాళ్లను పొమ్మనరు. ఇంటాయన పొద్దుటి నుంచి కూర్చోకుండా అందరికీ పోస్తూ, పెడుతూ తిరగాలి. మోమిర్ అలా రకియా సారా సీసా పట్టుకుని తిరుగుతుంటే, అతని పెళ్లికి సాక్షిగా నిలబడ్డ ఒస్తోయా మూలనున్న చిన్న గాజు తొట్టిని చూశాడు.

"ఏరా, ఈ సూప్ గిన్నెలో చేపలేంట్రా? ఉప్పేసి పొయ్యిమీద పెట్టరాదూ?" అన్నాడు.

ఇంటినిండా నవ్వులు. మోమిర్‌కి తల కొట్టేసినట్టయింది. "వచ్చే నికోలాకి రా. నువ్వు దిగి ఈత కొట్టేంత తొట్టి చూపిస్తా" అన్నాడు. పండుగ కొవ్వొత్తి వెలుగుతుండగా, పదిమందీ వింటుండగా అన్నమాట. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? ఏడాదంతా ఆ మాట అతని వెంట పడింది. బేకరీకి వెళ్లినా "ఈతకొలను ఎంతవరకొచ్చింది?" అని అడిగేవాళ్లే.

ముందువైపు మాత్రమే గాజు, మిగతా మూడువైపులూ అడుగూ ప్లైవుడ్‌తో కడతానని చెబితే అతని భార్య యాస్నా నడుంమీద చెయ్యేసుకుంది. "చెక్కలో నీళ్లు నిలుస్తాయా ఎక్కడైనా?"

"పడవ చెక్కదే కదా? పడవకి నీళ్లు బయటుంటాయి, దీనికి లోపలుంటాయి. అంతే తేడా."

"పడవ మునిగితే దాంట్లో ఉన్నవాళ్లే పోతారు. మనది మూడో అంతస్తు."

అతని పక్షాన నిలబడ్డది ఒక్క అత్తగారే. యాస్నా తల్లి పెర్సిదా కొన్నేళ్లుగా వాళ్లతోనే ఉంటోంది. మధ్యాహ్నాలు అల్లిక పట్టుకుని ఆ సూప్ గిన్నె ముందే కూర్చునేది. ఒక్కో చేపకీ తమ పల్లెలోని ఒక్కో ఆడమనిషి పేరు పెట్టింది. అన్నిటికంటే లావుదానికి, ముందుగా మేతకొచ్చి అందర్నీ తోసేసేదానికి, వాళ్ల పూజారి భార్య పేరు. "చేపలకి కాళ్లు చాపుకునే చోటివ్వాలని నా అల్లుడికుంది, మీకెవరికీ లేదు" అనేది. మోమిర్‌కి సొంత తల్లి చిన్నప్పుడే పోయింది. ఈవిడ "నాయనా" అని పిలిస్తే బయటికి చెప్పడు గానీ లోపల చల్లగా ఉంటుంది.

ఆవిడకి మరపు మొదలైంది. వసంతంలో ఒకరోజు స్నానపు తొట్టి కుళాయి తిప్పి, మర్చిపోయి, అల్లిక పట్టుకుని కూర్చుంది. నీళ్లు పొంగి, కింద అంతస్తులో ఉండే దెసాంకా ఇంటి కప్పులోంచి కారాయి. మోమిరే వెళ్లి ఆ కప్పుకి రంగేసి వచ్చాడు. యాస్నా మాత్రం ఊరిచివర వృద్ధాశ్రమానికి వెళ్లి గదులు చూసొచ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే అక్కడికే అని తల్లితోనే చెప్పింది. యాస్నా చెడ్డమనిషేం కాదు. ఇద్దరూ పనులకెళితే ముసలామె పగలంతా ఒక్కతే, ఇవాళ కుళాయి, రేపు పొయ్యి అని ఆమె గుండెల్లో దడ. పెర్సిదా ఆ రోజునుంచి ఏ వస్తువు ముట్టుకున్నా ఒకటికి రెండుసార్లు చూసుకునేది.

శరదృతువులో మోమిర్ పని మొదలుపెట్టాడు. వర్క్‌షాప్‌లో పలకలు కోశాక, కట్టిన తొట్టి ఇంటి తలుపులోంచి పట్టదని తెలిసింది. ఇంటింటికీ తలుపులు కొలిచే మనిషి తన తలుపు కొలవలేదు. పలకలన్నీ విడిగా పైకి మోసి, హాల్లో, స్నానాలగది గోడకి ఆనించి, జిగురు పూసి మరలు బిగించాడు. మూలలకి ఫైబర్ గుడ్డ అంటించాడు. ఇక మిగిలింది రెసిన్ పూత. నీళ్లని ఆపేది అదే, చెక్క దాన్ని మోస్తుందంతే.

డబ్బామీద అంతా రాసుంది. పూతకీ పూతకీ మధ్య గది వెచ్చగా ఉండాలి, గాలి బాగా ఆడాలి. ఆరిన పూతమీద జిడ్డు తేలితే గోరువెచ్చటి నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ఆ తర్వాతే రెండోది పూయాలి, లేకపోతే పూతకి పూత అంటదు.

గాలి ఆడాలంటే ఎదురెదురు కిటికీలు తెరవాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. మా ఊరివాళ్లు తుపాకీకైనా ఎదురు నిలబడతారు గానీ ప్రొమాయాకి నిలబడరు. రెండు కిటికీల మధ్య దూసుకొచ్చే ఆ గాలి మెడలు పట్టేస్తుందని, మూతి వంకర చేస్తుందని, చెవిలో దూరి మనిషిని మంచాన పడేస్తుందని ఉగ్గుపాలతో నేర్చుకుంటారు. మోమిర్ మెడ అసలే సుకుమారం. నవంబరు చలిలో కిటికీలన్నీ బిగించి, మెడకి మఫ్లర్ చుట్టి, తలుపు కింద సందులో గుడ్డ కుక్కి మరీ పూత వేశాడు. వంటింట్లో క్యాబేజీ ఉడుకుతోంది. గోడలు చెమటలు పట్టాయి. రాత్రయ్యాక బిల్డింగంతటికీ గొట్టాల్లో వచ్చే వేడి ఆగిపోయి గది చల్లబడింది.

పొద్దున చూస్తే పూతమీద జిడ్డు. వేలితో రాస్తే మైనంలా జారింది. డబ్బామీద రాత అతనికి గుర్తుంది. కడగాలి, రుద్దాలి, మళ్లీ ఆరనివ్వాలి, అందుకు రోజులు కావాలి. నికోలా ఎవరి తొట్టికోసమూ ఆగడు. "మెరుస్తోందిగా, మంచిదే" అని తనకి తానే చెప్పుకుని ఆ జిడ్డుమీదే రెండో పూత పూశాడు. మూడోదీ అంతే. ముందు గాజు సిలికాన్‌తో బిగించాక పెర్సిదా వచ్చి, చర్చిలో వెండి గిన్నెలా మెరిసిపోతోందని మురిసిపోయింది.

కట్టిన తొట్టిని కొన్నాళ్లు నీళ్లతో ఉంచి చూసుకోవాలని చేపలు పెంచేవాళ్లందరికీ తెలుసు. మోమిర్ పండుగ ముందురోజు నింపాడు. అడుగున కాగితం పెట్టి చూస్తే పొడిగా ఉంది. చేపల్ని దాంట్లోకి మార్చి, అరగంట కుర్చీలో కూర్చుని చూసుకున్నాడు. ఆ అరగంటా అతను నిజంగా సంతోషంగా ఉన్నాడు.

పండుగ పొద్దున కొవ్వొత్తి వెలిగించారు. పెర్సిదా తీపి కలిపి ఉడికించిన గోధుమలు, తన చేత్తో జడలల్లిన రొట్టె బల్లమీద పెట్టింది. ఉపవాసాల్లో వచ్చే పండుగ కాబట్టి మాంసం లేదు, చేప తినొచ్చు గనక వేయించిన చేపలు, ఉల్లిపాయలేసి కాల్చిన చిక్కుడు గింజలు. మధ్యాహ్నానికి ఇల్లు కిటకిటలాడింది. వచ్చినవాళ్లు ఒక చెంచా గోధుమలు తిని, శిలువ గుర్తు వేసుకుని, పక్కకి తిరిగి నోరెళ్లబెట్టేవాళ్లు.

"నిజంగానే కట్టావురా. తువ్వాలు తెచ్చుకోవాల్సింది" అన్నాడు ఒస్తోయా. తర్వాత పళ్లెంలో చేపముక్కని ఫోర్కుతో పొడిచి, "ఇది దాంట్లోదేనా, దీని బంధువులెవరైనా మన వంక చూస్తున్నారా?" అన్నాడు.

"మా అల్లుడు ఒంటిచేత్తో కట్టాడు" అని పెర్సిదా ప్రతివాళ్లకీ చెప్పింది. విన్నవాళ్లకే మళ్లీ చెప్పింది.

మోమిర్ సీసా పట్టుకుని తొట్టి పక్కన నిలబడ్డాడు. పొగడ్తలకి కాళ్లు తేలిపోతుంటే వెనకవైపు చెక్కమీద చెయ్యి ఆనించాడు. చెయ్యి తడిసింది. మెల్లగా వేళ్లు కిందికి జరిపాడు. మూల దగ్గర ప్లైవుడ్ నానిన రొట్టెలా మెత్తబడి ఉంది. నీళ్లు గోడవారనే చప్పుడు లేకుండా దిగిపోతున్నాయి. ముందువైపు చుక్క కూడా లేదు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

తలుపు గంట మోగింది.

దెసాంకా. ఆవిడ ఇంటి దేవుడూ నికోలానే. ఒకే పండుగ ఉన్న ఇళ్లవాళ్లు ఆ రోజు ఒకరింటికొకరు వెళ్లరు, మర్నాడు వెళతారు. అలాంటిది ఏప్రన్‌తోనే పరుగెత్తుకొచ్చింది.

"మీ పండుగ చల్లగా ఉండాలి" అని అలవాటుగా అని, "యాస్నా, పైనుంచి నీళ్లు కారుతున్నాయమ్మా. మళ్లీ ఆ చోటే. సరిగ్గా కొవ్వొత్తి మీద పడి ఆరిపోయింది. మా ఆయన పోయాక చేసుకుంటున్న మొదటి పండుగ" అంది. పండుగ కొవ్వొత్తి ఆరడం అపశకునమని గదిలో ఉన్న పెద్దవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు.

'మళ్లీ ఆ చోటే' అన్నమాట చాలు. యాస్నా మొహం వంటింటివైపు తిరిగింది. "అమ్మా."

పెర్సిదా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "స్నానపు తొట్టిలో గిన్నెలు నానేశాను. కుళాయి కట్టాననే అనుకుంటున్నా. కట్టలేదా?"

యాస్నా వెళ్లి చూసొచ్చింది. "స్నానపు తొట్టి అంచుదాకా నీళ్లున్నాయి, నేలంతా తడి. కుళాయి ఇప్పుడు కట్టే ఉంది. పొంగాక కట్టేసి, పొంగిందన్న సంగతే మర్చిపోయావమ్మా."

ఒస్తోయా చేపల తొట్టివైపు చూశాడు. "దీంట్లోంచి కాదుగదా?"

అప్పుడు చెప్పొచ్చు. ఒక్కమాట చాలు. మోమిర్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. గదిలో ఉన్న ప్రతి మొహమూ ఏడాదిపాటు అతణ్ని ఎగతాళి చేసిందే. పెర్సిదా అతని వంకే చూస్తోంది. అతను సీసా అడుగుతో ముందు గాజుమీద టకటకా కొట్టాడు.

"ఇదా? చూసుకో, చుక్కుందేమో. పాతికేళ్ల చెయ్యి." ఆ మీదట దెసాంకాతో, "ఏం చేస్తాం, పెద్దావిడ. కప్పుకి నేను మళ్లీ రంగేసిస్తాలే" అన్నాడు.

పాపం, మంచి మనసు అని ఎవరో అన్నారు. అది అతని చెవిన పడింది.

పెర్సిదా తన రొట్టెలో సగం గుడ్డలో చుట్టుకుని, క్షమించమని అడగడానికి దెసాంకా వెంట కిందికి వెళ్లింది. దెసాంకా వాళ్ల చుట్టాలందరిముందూ, పూజారి ముందూ అడిగిందట. ఈలోపు మోమిర్, చేపలకి నీళ్లు పడట్లేదని ఏదో చెప్పి, వాటిని పాత గాజు తొట్టిలోకి మార్చి, గొట్టం వేసి కొత్త తొట్టిలో నీళ్లు, ఖాళీ చేసిన స్నానపు తొట్టిలోకి వదిలాడు. పెర్సిదా తిరిగొచ్చి, లోపల నీళ్లు పడుతున్న చప్పుడు విని, చెప్పులు కూడా విడవకుండా స్నానాలగదిలోకి పరుగెత్తింది.

"నేను తిప్పలేదు. ఇప్పుడే వచ్చాను, నేను ముట్టుకోలేదు" అంటోంది. గొట్టం చూసి, గోడకి ఆనుకుని, గుండెమీద చెయ్యేసుకుంది. "అమ్మయ్య, గొట్టమా. నేనే అనుకున్నా." మోమిర్ ఆవిడని పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. అంత అసహ్యం అతనికి ఇంకెవరిమీదా ఎప్పుడూ కలగలేదు, తనమీద తనకి కలిగినంత.

చుట్టాలు వెళ్లాక యాస్నా ఆశ్రమానికి ఫోన్ చేసింది. జనవరిలో గది ఖాళీ అవుతుందన్నారు. ఫోన్ పెట్టేసి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. పెర్సిదానే కూతురి వీపు నిమిరి, "నువ్వన్నది నిజమే తల్లీ. రేపు పొయ్యి ఆర్పకపోతే బిల్డింగంతా పోతుంది" అని ఊరడించింది. మోమిర్ గుమ్మంలో నిలబడి విన్నాడు. పొద్దున చెబుదామనుకున్నాడు. పొద్దున్నయ్యాక కాఫీ అయ్యాక అనుకున్నాడు.

కాఫీ అయ్యాక పెర్సిదానే అతని దగ్గరికొచ్చింది. "నాయనా, ఆ మంచి చెక్క ఏమైనా మిగిలిందా?"

"ఎందుకత్తయ్యా?"

"అక్కడ అల్మారాలు ఇరుకంట. చిన్న పెట్టె చేసిపెడితే మంచం కిందికి తోసేసుకుంటా. అల్లిక, మీ మామగారి ఫోటో, రెండు దుప్పట్లు. నీ చేత్తో చేసింది దగ్గరుంటే ఇంట్లో ఉన్నట్టుంటుంది." దుప్పటి మడతపెట్టి కొలతకి చూపించింది. మోమిర్ టేపు తీసి కొలిచాడు. అంకెలు అతని కళ్లకి ఆనలేదు. సిగ్గుతో చచ్చిపోవడమనేది మాటవరసకి అంటారని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

మధ్యాహ్నం ముగ్గురూ దెసాంకా ఇంటికి దిగారు. కప్పుమీద గోధుమరంగు మరక బల్లకి సరిగ్గా పైన ఉంది. దెసాంకా అందరికీ గోధుమలు అందించింది. పెర్సిదా కుర్చీ అంచున, ఏదీ ముట్టుకోకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిణ్ని తేలికపరుద్దామని దెసాంకా నవ్వుతూ, "పెద్దమ్మా, తినండి. నా కొవ్వొత్తి ఆర్పేసినా మీ రొట్టె మాత్రం అమృతం" అంది.

"ఇంక ఆర్పనులే తల్లీ. జనవరిలో వెళ్లిపోతున్నా."

మోమిర్ చేతిలో చెంచా బల్లమీద పెట్టేశాడు. "కుళాయి కాదు. నా తొట్టి కారింది. మీరొచ్చి చెప్పేసరికే నాకు తెలుసు."

బల్లకి అటువైపు కూర్చున్న దెసాంకా మరిది గ్లాసు ఎత్తాడు. "దొరికితే ఇలాంటి అల్లుడు దొరకాలి. అత్తగారి తప్పు నెత్తినేసుకునేవాణ్ని నేనింతవరకూ చూళ్లేదు."

"నిజం చెబుతున్నా."

"ఊరుకో" అంది యాస్నా పళ్లబిగువున. "పదిమందిలో నువ్వు దేవుడివై నన్ను రాక్షసిని చెయ్యకు."

పెర్సిదా కళ్లు నీళ్లతో నిండిపోయాయి. లేచి వచ్చి అతని చెంప నిమిరింది. "నా కోసం అబద్ధమాడకు నాయనా. పండుగపూట పాపం."

మోమిర్ ఆ చేతిని చెంపమీంచి తీసేశాడు. "పైకి రండి. చూపిస్తాను" అన్నాడు.

యాస్నా, పెర్సిదా వచ్చారు. వాళ్ల వెనకే దెసాంకా వచ్చింది. ఖాళీ తొట్టిలోకి వంగి, మోమిర్ వెనక మూలన గోరు దూర్చాడు. రెసిన్ పొర పాలమీద మీగడలా లేచొచ్చింది. లాగితే ఇంకా వచ్చింది, దాని కింద ఇంకో పొర, అదీ వచ్చింది. కింద చెక్క నల్లబడి ఉబ్బిపోయి ఉంది. తర్వాత తొట్టిని భుజంతో నెట్టాడు. గోడవారన నేలచెక్కలు తడిసి పైకి లేచాయి. స్నానాలగదివైపు నీళ్లు పారిన దారి అందరికీ కనిపించింది.

యాస్నా భర్తవైపు చూసి, చూపు తిప్పేసుకుంది. దెసాంకా గుమ్మంలోంచే వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది. తలుపు వెయ్యలేదు.

పెర్సిదా వంగి ఉబ్బిన చెక్కని వేలితో నొక్కి చూసింది.

"అయితే కుళాయి నేను కట్టాను" అంది. కూతురి చెయ్యి పట్టుకుంది. "కట్టానే యాస్నా. గిన్నెలు పెట్టి కట్టాను. చేతికి చల్లగా తగిలింది కూడా గుర్తుంది. మీరంతా కాదంటే, అదీ నేనే కల్పించుకున్నాననుకున్నా." పసిపిల్లలా నవ్వింది. యాస్నా తల్లిని కావలించుకుని, ఎక్కడికీ పంపను, ఎక్కడికీ పంపనని వెక్కివెక్కి ఏడ్చింది.

మోమిర్ చేతిలో రెసిన్ పొర అలాగే ఉంది. తిట్లకోసం ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది. "అత్తయ్యా, నన్ను నాలుగు తిట్టండి" అన్నాడు చివరికి.

పెర్సిదా నవ్వు ఆగింది. అతని వంక ఇప్పుడే గుర్తుపట్టినట్టు చూసింది.

"తిట్టడానికేముంది" అంది. కోపం లేదు ఆ గొంతులో, జరిగింది జరిగినట్టు చెబుతోంది. "యాస్నా తొందరమనిషి, దాని మాట నేను నమ్మలేదు. నిన్న అందరూ నావైపు చూస్తుంటే నేను నీవైపు చూశాను. నా తప్పు కాకపోతే నువ్వు ఊరుకోవనుకున్నాను. నువ్వు ఊరుకున్నావు. అందుకే నేనే చేశానని నమ్మాను."